వాయిదాల పెద్దాయన

పొద్దున్నే నా ఫోనుకు కోర్టు నుంచి మెసేజు వచ్చింది. ఫలానా నంబరు దావా వచ్చే నెల ఫలానా తేదీకి వాయిదా పడిందని. ఆ దావా నాది కాదు. దావా వేసిన మనిషి పోయి నెలన్నర దాటింది. ఆయనకు సెల్‌ఫోను ఉండేది కాదు. కోర్టులో నంబరు అడిగితే నా నంబరు రాయించాడు. "నీకు చెబితే నాకు చెప్పినట్టేగా అబ్బాయ్" అన్నాడు. పోయిన సంగతి కోర్టుకు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు. అందుకని ఈ భూమ్మీద ఆయన రాక కోసం ఇంకా ఎదురుచూస్తున్నది ఎవరయ్యా అంటే, మా కోర్టూ, దాని కంప్యూటరూ.

పల్నాడులో ఒక కోర్టుకు ఎదురుగా నాకొక టైపు షాపు ఉంది. షాపు అంటే మరీ పెద్ద మాట. నేనూ, కంప్యూటరూ, జిరాక్సు మిషనూ ఒకరు వదిలిన ఊపిరి ఒకరం పీల్చుకుంటూ బతుకుతున్న గూడు. రెంటచింతలలో పగలంతా కాసిన ఎండ సాయంత్రానికి అలిసిపోయి మా షాపులోకొచ్చి పడుకుంటుంది. బయట ఒక నాపరాయి బల్ల. దాని ఎడమ కొసన ఆయన పద్నాలుగేళ్ళు కూర్చున్నాడు. కూర్చుని కూర్చుని రాయిని అరగదీశాడు. నమ్మనివాళ్ళు వచ్చి చెయ్యి పెట్టి చూసుకోవచ్చు. దుర్గి శిల్పులు ఏడాది పాటు ఉలి ఆడించినా అంత నునుపు తేలేరు.

మనిషి ఆరడుగులు. అందులో ఒక అడుగు తలపాగా. ఎడమ జేబులో వాయిదా చీటీలు. లాయరు గుమాస్తా ప్రతిసారీ వచ్చే వాయిదా తేదీని అగ్గిపెట్టెంత కాగితం మీద రాసిస్తాడు. లోకంలో అందరూ ఆ చీటీని పని అయ్యాక పారేస్తారు. ఈయన ఒక్కటి కూడా పారెయ్యలేదు. రబ్బరు బ్యాండు వేసి కట్ట కట్టి జేబులో పెట్టుకున్నాడు. జేబు పట్టనప్పుడు పాత కట్టను ఇంట్లో దాచి కొత్త కట్ట మొదలుపెట్టేవాడు. ఆ బరువుకు ఆయన ఎడమ భుజం రెండంగుళాలు కిందికి దిగిందని నా గట్టి అభిప్రాయం. డాక్టరు మాత్రం నరాల బలహీనత అన్నాడు. డాక్టర్లకు కోర్టు వ్యవహారాలు ఏం తెలుస్తాయి?

ఆయనకు క్యాలెండరు అక్కర్లేదు. కాలాన్ని వాయిదాలతో కొలిచేవాడు. "మనవరాలు పుట్టి ఎనిమిది వాయిదాలైంది." "ఈ చెప్పులు కొని పన్నెండు వాయిదాలు, ఇంతవరకూ ఉంగటం తెగలా." నరసరావుపేటలో పంటి డాక్టరు మంగళవారం రమ్మంటే, "మొదటి వాయిదాకే పీకుతారా అయ్యా, లేకపోతే అవతలోళ్ళు ఏం చెప్తారో ఇనాలంటారా?" అని అడిగాడట. డాక్టరు నవ్వాడట. ఈయన నవ్వలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

ఒకరోజు మాచవరం వైపు నుంచి ఒక కుర్రరైతు వచ్చాడు. కొత్త బండి, ఇస్త్రీ చొక్కా, మొదటిసారి కోర్టుకు వచ్చినవాళ్ళ మొహాల్లో ఉండే వెలుగు. బల్ల మీద చోటిమ్మని అడిగి కూర్చున్నాడు.

"ఇవాళ నాకు వాయిదా పెద్దాయనా. తేలిపోద్దంటావా?"

పెద్దాయన ఆ పిల్లవాడి చొక్కా వైపు జాలిగా చూశాడు.

"పెళ్ళికొచ్చినట్టొచ్చావు. నీకు ఏం చెప్పను నాయనా? వాయిదా అంటే, నువ్వొస్తావు. పేరు పిలుస్తారు. ఉన్నానయ్యా అంటావు. ఇంకో తేదీ ఇస్తారు. పోతావు."

"మరి ఇవాళ వచ్చింది ఎందుకు?"

"వచ్చే వాయిదా ఎప్పుడో తెలుసుకోటానికి."

"ఇదేంది? తీర్పు చెప్పరా?"

"చెప్తారు. ఎందుకు చెప్పరు? నీ సంగతి మాకు గుర్తుంది అని కోర్టు అనటమే వాయిదా. గుర్తుందంటే ఎప్పుడో ఒకప్పుడు చెప్తారుగా." ఒక బీడీ వెలిగించుకుని పాఠం కొనసాగించాడు. "మాట ఇనటం కూడా నేర్చుకో. వాయిదా పడిందీ అన్నారనుకో, ఎవరి తప్పూ లేదు, వాన పడ్డట్టు పడిందంతే. వాయిదా ఏశారు అంటే జడ్జిగారికి పని ఒత్తిడి. వాయిదా అడిగారు అంటే అవతలి లాయరు ఫైలు చదువుకు రాలా. వాయిదా తీసుకున్నాం అంటే మన లాయరు చదువుకు రాలా. ఏదైతేనేం, చేతికొచ్చే చీటీ ఒకటే."

మధ్యాహ్నానికి ఆ కుర్రవాడు చీటీతో తిరిగొచ్చాడు. చొక్కా ఇస్త్రీ అంతా పోయింది. పెద్దాయన పక్కన కూర్చుని ఒక బీడీ అడిగి తీసుకున్నాడు. ఆ తర్వాత నాకు తెలిసి అతను ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో కోర్టుకు రాలేదు.

పెద్దాయన లాయరు ప్రతి వాయిదాకూ రావక్కర్లేదని చెప్పాడు. కావలసినప్పుడు కబురు చేస్తానన్నాడు. ఈయన వినలేదు. పిలిచినప్పుడు పలకకపోతే దావా కొట్టేస్తారని మొదట్లో ఎవరో ఆయన చెవిన వేశారు. అంతే, పద్నాలుగేళ్ళూ పొద్దున పదిన్నరకల్లా కోర్టు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బంట్రోతు మూడుసార్లు పిలవడం ఆనవాయితీ. ఈయన మొదటి పిలుపు సగంలో ఉండగానే "ఉన్నానయ్యా!" అనేవాడు. ఆ కేక ఎంత గట్టిదంటే, లోపల వేరే కేసులో సాక్షి ఉలిక్కిపడి నిజం చెప్పేసిన సందర్భాలు కూడా ఉన్నాయని బార్ రూములో చెప్పుకునేవారు. పిలుపుకు పలికిన తర్వాత ఇక ఆ రోజుకు ఆయనకు పని లేదు. అలసిపోయినవాడిలా వచ్చి బల్ల మీద కూలబడేవాడు. ఒక్కమాట అనడానికి పొద్దున నాలుగింటికి లేచి, రెండు బస్సులు మారి వచ్చిన మనిషి అలసట అది.

ఇంతకీ దావా ఏమిటంటే, దారి. ఆయన చేను వెనక ఉంది. ముందు చేను ఆయన బాబాయి కొడుకుది. వరసకు తమ్ముడు. తమ్ముడి చేను పక్కగా బండిదారి ఉండేది. ఒక ఏడు పెద్దాయన ట్రాక్టరు మలుపు దగ్గర తమ్ముడి పత్తి రెండు సాళ్ళు తొక్కింది. మాటా మాటా పెరిగింది. తమ్ముడు దారికి అడ్డంగా ముళ్ళకంప వేశాడు. అన్న కోర్టుకు వచ్చాడు. దావా తేలేదాకా ఎక్కడిది అక్కడే ఉంచండని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. దాంతో కంప కూడా ఎక్కడిది అక్కడే ఉంది. పోలీసు కాపలా ఉన్నా అంత క్షేమంగా ఉండేది కాదు.

దావా టైపు చేసింది నేనే. 'తాతముత్తాతల కాలము నుండి సదరు దారి కలదు' అని. నెల తిరక్కుండా అవతలి లాయరు పంపితే తమ్ముడి కౌంటరు, అంటే దావాకు జవాబు, టైపు చేసిందీ నేనే. ఆ లాయరుగారికి దారి కేసుల కౌంటరంటే ఒకటే నమూనా. అది నా కంప్యూటర్లో ఉంటుంది. పేర్లూ సర్వే నంబర్లూ మార్చి ప్రింటు తియ్యడమే. అందులో మూడో పేరా ఇలా ఉంటుంది: 'సదరు చోట దారి యనునది ఏనాడూ లేదు. వాది గానీ, అతని తండ్రి గానీ ఎన్నడైనా నడిచియున్న యెడల అది దొంగచాటుగా నడిచినదే.' పల్నాడులో ఎంతమంది తండ్రులు నా వేళ్ళ కింద దొంగచాటుగా నడిచారో లెక్క లేదు.

పెద్దాయన తన కాపీ తెచ్చి నాతోనే చదివించుకున్నాడు. మూడో పేరా దగ్గర ఆపమన్నాడు.

"మళ్ళీ చదువు."

చదివాను.

"మా నాయన దొంగచాటుగా పోయాడంటనా?" అన్నాడు. కోపం కాదు, ఆశ్చర్యం. "అరక భుజానేసుకుని, ఎద్దుల మెళ్ళో గంటలు మోగించుకుంటా ఎవరన్నా దొంగతనానికి పోతారంటరా అబ్బాయ్?"

ఆ రోజు నుంచి ఆయనకు కావలసింది దారి ఒక్కటే కాదు. ఆ దారి ఉండేదని, తన తండ్రి దానిమీద పట్టపగలు నడిచాడని కోర్టు నోటితో చెప్పాలి. దానికోసం ఎన్ని చీటీలైనా దాస్తాడు.

ఇక మీరు అన్నదమ్ములు కొట్టుకుంటూ వచ్చేవారని అనుకుంటారు. అదేం కాదు. ఇద్దరూ ఒకే బస్సులో, ఒకే సీట్లో వచ్చేవారు. ముందెక్కినవాడు రెండోవాడికి తువ్వాలు వేసి ఉంచేవాడు. కోర్టులో బంట్రోతు పిలవగానే చెరోవైపు నిలబడేవారు. వాయిదా చీటీలు తీసుకుని మళ్ళీ మా బల్ల మీదకొచ్చి, అన్న క్యారేజీలో పప్పన్నం, తమ్ముడి డబ్బాలో గోంగూర కలుపుకుని తినేవారు. మాట్లాడని సంగతి లేదు. కృష్ణ నీళ్ళు ఎప్పుడొదుల్తారు, మిరపకు తామర పురుగు, ఎవరి కోడలు ఎవరిని తిట్టింది, అన్నీ వచ్చేవి. కేసు సంగతి మాత్రం వచ్చేది కాదు. పద్నాలుగేళ్ళలో ఒక్క ముక్క కూడా. అది వాళ్ళు పెట్టుకున్న నియమం.

నాకు ఓసారి ఉండబట్టలేదు. తమ్ముడు చేతులు కడుక్కోవడానికి పోయినప్పుడు, "పెద్దాయనా, పక్కనే కూర్చుంటాడుగా, ఒక్కమాట అడిగి చూడరాదూ?" అన్నాను.

నా వైపు చూసిన చూపుకు జిరాక్సు మిషను కూడా ఆగిపోయింది.

"తప్పబ్బాయ్! కోర్టులో పెట్టిన మాటని బజార్లో మాట్లాడుకుంటే ఇంక జడ్జిగారికి మర్యాదేముంది? ఆయన మా ఇద్దరి కోసం అన్నిసార్లు వాయిదా ఏస్తుండాడే!"

నేను మళ్ళీ కీబోర్డు మీద పడ్డాను.

మధ్యలో ఒకసారి లోక్ అదాలత్ పెట్టారు. రాజీ పడితే ఆ పూటే తేలిపోతుంది. తమ్ముడు పైకి లేచి, "నాకేం అభ్యంతరం లేదయ్యా, ఇకనుంచీ దారి ఇస్తా" అన్నాడు. పెద్దమనుషులందరూ హమ్మయ్య అనుకున్నారు. పెద్దాయన మాత్రం, "నాకొద్దయ్యా. కోర్టు చెప్తే పోతా" అని చేతులు జోడించి బయటికి వచ్చేశాడు. కారణం అక్కడ చెప్పలేదు. నా బల్ల మీదకొచ్చి చెప్పాడు.

"ఉన్న దారిని వాడు నాకిచ్చేదేంది? లేదని రాశాడుగా. మా నాయన్ని దొంగన్నాడుగా. ఇప్పుడు బిచ్చమేసినట్టు ఇస్తాడంట."

"ఆ మాట ఆయనతోనే అనకపోయావా?"

"సంతకం పెట్టినోడికి తెలవదా ఏం రాశాడో? నువ్వూ అనబాక. నా మీదొట్టు."

నేను ఒట్టు నిలబెట్టుకున్నాను. సంతకాలు పెట్టేవాళ్ళలో చదివి పెట్టేవాళ్ళు ఎంతమందో ఈ పల్నాడు మొత్తం మీద నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. రోజుకు నలభైమంది నా ఎదుటే, నేను వేలు పెట్టి చూపించినచోట, కళ్ళు వేరే ఎక్కడో పెట్టి సంతకాలు చేస్తారు. అయినా ఆ రోజు నాకు ఆ ఆలోచన రాలేదు. దొంగన్నాడు అని ఆయన అంటే, అన్నాడు కాబోలు అనుకున్నాను.

తర్వాత తర్వాత ఆయన కేకలో బలం తగ్గింది. "ఉన్నానయ్యా" అనేది రెండో పిలుపుకు గానీ బయటికి వచ్చేది కాదు. తమ్ముడు చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించేవాడు, పై మెట్టు మీద వదిలేసి అవతలివైపుకు వెళ్ళి ఎదురుపార్టీగా నిలబడేవాడు. చివరిసారి వచ్చినప్పుడు చీటీ తీసుకుని చాలాసేపు చూశాడు. "ఈ వాయిదా చానా దూరం ఏశారబ్బాయ్" అన్నాడు. నిజానికి ఎప్పటిలాగే నెలే.

ఆ వాయిదా రోజున తమ్ముడు ఒక్కడే బస్సు దిగాడు. బల్ల మీద తన చోట తాను కూర్చున్నాడు. "అన్న పోయాడు" అన్నాడు. డబ్బా తెచ్చుకున్నాడు గానీ మూత తియ్యలేదు.

మొదట్లో చెప్పిన ఆ మెసేజు సంగతి చెబుదామని పెద్దాయన కూతురికి ఫోను చేశాను. ఒక్కతే కూతురు. పొలం పనంతా ఆమే చూస్తుంది. "రేపొస్తన్నానన్నా. లాయరుగారు ఏవో కాయితాలు టైపు చేయించమన్నారు" అంది. మర్నాడు బస్సులోంచి ఆమే, ఆమెకు బాబాయి అయ్యే ఆ తమ్ముడూ దిగారు. తండ్రి స్థానంలో ఆమెను చేర్చమని ఒక అర్జీ, రాజీ కాగితం ఒకటి.

నేను రాజీ కాగితం మొదలుపెట్టాను. 'ప్రతివాది తన పొలము గుండా దారి ఇచ్చుటకు అంగీకరించడమైనది' అని కొట్టానో లేదో, ఆమె స్క్రీను మీదకు వంగింది. ఆ ఇంట్లో చదువొచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

"ఇంకో లైను పెట్టన్నా. ఆ దారి మా తాత కాలం నుంచీ ఉందని."

నా చేతులు ఆగిపోయాయి. పెద్దాయన పోయాడు కాబట్టి ఒట్టు కూడా పోయిందనుకుని, గొంతు తగ్గించి చెప్పాను. "ఆ లైను కోసమేనమ్మా మీ నాన్న రాజీ వద్దంది. అది పెడితే మీ బాబాయి సంతకం పెట్టడు."

గొంతు తగ్గించాననుకున్నాను గానీ, ఆ గూట్లో రహస్యానికి చోటెక్కడ? బాబాయి తల ఎత్తాడు.

"ఎందుకు పెట్టను? ఉందిగా. పెదనాయన అరక దానెమ్మటే పోయేది. చిన్నప్పుడు నేను ఆ అరక ఎద్దు మీద కూర్చుని పోయినోణ్ణే."

"మరి లేదని కౌంటరు ఎందుకు వేశావు?" అన్నాను.

"ఎవరు? నేనా? లేదనా?"

నేను వెతికి పాత ఫైలు తెరిచి, మూడో పేరా చదివి వినిపించాను. దొంగచాటుగా అన్నచోట ఆయన పక్కన ఉన్న కుర్చీ పట్టుకున్నాడు.

"నా చేతనే సంతకం పెట్టించారా దీనిమీద? లాయరుగారు ఇక్కడ పెట్టు అన్నారు, పెట్టా. పత్తి తొక్కినందుకు ఒక్కమాట అంటాడేమో, అంటే కంప తీసేద్దామని కూర్చున్నా గదయ్యా. అది అన్న చదివాడా?"

"చదివించుకున్నాడు."

"అది చదివి కూడా నాకు సీటాపాడా?" అన్నాడు. "అట్టా రాసిందెవరు?"

"నమూనా లాయరుగారిది. టైపు చేసింది నేనే."

ఇద్దరూ నా వైపు చూశారు. ఇంతవరకూ ఈ రాతలో దేన్నైనా రెండింతలు చేసి చెప్పాను గానీ, ఆ చూపును మాత్రం పెంచి చెప్పడం నా వల్ల కాదు.

ఆమె ముందుగా తేరుకుంది. గొంతు పెంచలేదు.

"మా నాయన వాయిదాలకొచ్చాడు. నువ్వూ వచ్చావు బాబాయ్. ఇద్దరూ బస్సులో కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. ఈ పద్నాలుగేళ్ళు మిరపకాయ మూటలు గట్టుమీద నెత్తిన పెట్టుకుని మోసింది నేను. మీరిద్దరూ ఒకళ్ళనొకళ్ళు ఒక్క మాట అడగలేకపోయారు."

బాబాయి తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోవడం చాలాసేపు పట్టింది.

"రాయి" అన్నాడు చివరికి నాతో. "తాత కాలం నుంచీ అని కాదు. ఆ తాతకు తాత కాలం నుంచీ అని రాయి. రాసి, మొత్తం చదివి ఇనిపించు. ఈసారి ఇని పెడతా."

రాశాను. చదివాను. పేర్లూ, సర్వే నంబర్లూ, దారి వెడల్పూ, ఒక్క అక్షరం వదలకుండా. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఆమె మాత్రం బయట మబ్బు వైపు చూస్తోంది.

"త్వరగా కానీయండి. కల్లంలో కాయలు ఆరబోసొచ్చా. చినుకు పడితే రంగు పోద్ది. మనుషుల్ని పెట్టి గట్టుమీద మోయిస్తే పొద్దుగూకేదాకా తేలదు" అంది.

కాగితం కోర్టు ముందుకు పోవాలి, అక్కడ మళ్ళీ ఒక తేదీ ఇస్తారు, అంతవరకూ కంప ఎక్కడిది అక్కడే ఉండాలి. ఆ సంగతి చెప్పడం నా ధర్మం కాబట్టి చెప్పాను. బాబాయి నా మాట విన్నట్టు లేదు. సంతకం పెట్టి, జేబులోంచి ఫోను తీసి కొడుక్కి చేశాడు. ఫోనంటే ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతాడు.

"ఒరేయ్, ఇద్దరు మనుషుల్ని తీసుకుని పోయి ఆ కంప తీసెయ్యి. ఇప్పుడే. ట్రాక్టరు పోవాల, కాయలు తడుస్తయ్."

"ఏ కంప నాన్నా?"

"దారికి అడ్డమేసింది."

"ఏ దారి?"

"ఏ దారేందిరా? మీ పెదనాయన దారి."